చీమల వెంట నడవడం ఎలా?

గండుచీమ, చలిచీమ, ఎర్రచీమ. మనలో చాలామందికి తెలిసిన చీమలు ఈ మూడే. ఇంకాస్త అనుభవం ఉన్నవారు కుట్టేవి, కుట్టనివి అని రెండు గుంపులు చేస్తారు. పేరు పెట్టి నమోదు చేసిన చీమల జాతులు ప్రపంచంలో సుమారు 14,000 ఉంటే, మన దేశంలోనే 800కు పైగా ఉన్నాయి. వాటి కోసం అడవులు పట్టి తిరగనక్కరలేదు. ఇంటి గోడ, పెరటి చెట్టు, వీధి చివర ఖాళీ జాగా, ఈ మూడు చోట్లే నెల రోజులు ఓపికగా చూస్తే పది రకాలైనా తేలతాయి.

చీమలను గమనించి, సేకరించే ఈ వ్యాపకం కొత్తగా పుట్టిన పిచ్చి కూడా కాదు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్ అనే వైద్యుడికి పక్షులన్నా చీమలన్నా ఒకటే మోజు. దక్షిణ భారతదేశపు చీమల పట్టికను ఆయన 1851లో ప్రచురించాడు. మన నేల మీద తిరిగే చీమల్లో కొన్నిటి శాస్త్రీయ నామం పక్కన ఇప్పటికీ ఆయన పేరు కనిపిస్తుంది. ఆయనకు లేని ఫోను కెమెరా మీ జేబులో ఉంది. ఇక మొదలుపెట్టడమే.

ముందు అది చీమేనా?

మీసాలు చూడండి. చీమ మీసం మోచేయిలా మధ్యలో వంగి ఉంటుంది. చెదపురుగు మీసం చిన్న పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటుంది. తరువాత నడుము. చీమకు ఛాతీకీ పొట్టకూ మధ్య సన్నని నడుము, దాని మీద ఒకటో రెండో కణుపులు ఉంటాయి. చెదకు నడుమన్నదే కనిపించదు. వాన వెలిసిన రాత్రి దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు చెదలే. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి, రెక్కల చీమకైతే ముందు జత పెద్దది, వెనుక జత చిన్నది. అన్నట్టు, మనం చీమలపుట్ట అనే ఆ నిలువెత్తు మట్టి పుట్టలు కూడా కట్టింది చెదలే. పేరు మాత్రం చీమలు కొట్టేశాయి.

నడుము మీది కణుపులు ఎన్నో లెక్కపెట్టే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. ఒక కణుపా, రెండా అన్న ఒక్క ప్రశ్నతోనే మీ ముందున్న చీమ ఏ కుటుంబపు శాఖదో సగం తేలిపోతుంది. గండుచీమకు ఒకటి. ఇళ్లలో తిరిగే చిన్న ఎర్రచీమల్లో ఎక్కువవాటికి రెండు.

మామిడి చెట్టు మీద ఎర్రచీమల మధ్య కాస్త తేడాగా నడిచే చీమ కనబడితే కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది వస్తే అది చీమ వేషం వేసుకున్న సాలీడు. ముందు కాళ్లు రెండూ మీసాల్లా పైకెత్తి ఆడిస్తుంది. దాన్ని నేను మూడేళ్లపాటు చీమగానే రాసుకున్నాను.

సంచిలో ఏముండాలి

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, సన్నని కుంచె, మెత్తని పట్టకారు, బిగుతు మూత ఉన్న చిన్న సీసాలు, టార్చి, పెన్సిలు, నోటుపుస్తకం. ఒక తెల్ల గుడ్డ లేదా తెల్ల పళ్లెం కూడా ఉంచుకోండి, చెత్తాకుల్లోంచి రాలిన చీమలు దాని మీద బాగా కనిపిస్తాయి. పూర్తిగా మూసుకునే బూట్లు వేసుకుని, ప్యాంటు అంచులను మేజోళ్లలో దోపండి. చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పట్టుకోవడానికి ముందు ఒక గంట

తొలి వారం సీసాలు ఇంట్లోనే వదిలేయండి. ఒక చీమల బారును ఎంచుకుని దాని పక్కన కూర్చోండి. వెళ్లేవాటిని కాకుండా బరువు మోస్తున్నవాటిని గమనించండి. నోట్లో ఏదైనా ఉన్న చీమ దాదాపు ఎప్పుడూ ఇంటికే వెళుతుంటుంది. దాని వెంట నడిస్తే గూడు దొరుకుతుంది. బారు లేకుండా ఒంటరిగా తిరిగే చీమ అయితే దానికి చిన్న ఎర ఇచ్చి, అది ఎటు పోతుందో చూడాలి.

ఎరలు రెండు రకాలుగా పెట్టండి. ఒక కాగితం ముక్క మీద బెల్లం నీళ్ల చుక్క, ఇంకో ముక్క మీద చేప తునకో కొబ్బరి కోరో. మూరెడు ఎడంగా ఉంచి, ఐదు నిమిషాలకోసారి ఏ ఎర మీద ఏ చీమలు ఎన్ని ఉన్నాయో రాసుకోండి. ముందు వచ్చినవి చివరిదాకా ఉండవు. కాళ్లు పొడవుగా ఉండి దిక్కు తెలియనట్టు వంకరటింకరగా పరుగెత్తే నల్ల చీమలు తరచుగా అందరికన్నా ముందు చేరతాయి. కాసేపటికి పెద్ద తల సైనికులను వెంటబెట్టుకుని ఇంకో జాతి వస్తుంది, వీటిని తరిమేస్తుంది. అరగంటలో ఒక బెల్లం చుక్క చేతులు మారడం చూశాక, ఎర పెట్టకుండా వీధిలో నడవడం నాకు కష్టమైంది.

వేళ కూడా ముఖ్యం. వేసవి మిట్టమధ్యాహ్నం నేల మీద చీమ దొరకడం అరుదు. తెల్లవారిన తరువాత రెండు గంటలు, పొద్దువాలాక రెండు గంటలు మంచివి. గండుచీమలైతే రాత్రి టార్చి వెలుతురులో మరింత బాగా కనిపిస్తాయి. టార్చి అద్దానికి ఎర్రని పలుచటి కాగితం అతికిస్తే అవి అంతగా బెదరవు.

చిక్కుడు తీగ, జిల్లేడు, తుమ్మ, ఈ మూడింటిలో ఏది దగ్గరలో ఉన్నా వదలకండి. లేత కొమ్మల మీద పేనుబంక, పిండినల్లి ఉన్నచోట గండుచీమలు కాపలా ఉంటాయి. మీసాలతో ఆ పురుగుల వీపు తడుతూ, అవి విసర్జించే తీపి బొట్టును తాగుతాయి. ఈ ఒక్క దృశ్యం కోసం భూతద్దం కొనవచ్చు.

మొదట ఎదురయ్యేవి

పేర్లు కంఠస్థం చేయనక్కరలేదు. నడక, గూడు, ఒంటి తీరు, ఈ మూడూ పట్టుకుంటే పేరు తరువాత వస్తుంది. తెలుగులో విడిగా పేరు లేని చీమలకు శాస్త్రీయ నామమే దిక్కు.

గండుచీమ (కాంపోనోటస్ కంప్రెసస్) చెట్టు మొదట్లో, నేలలో గూడు పెడుతుంది. ఒకే గూటిలో చిన్నవీ, మధ్యరకంవీ, బండ తలవీ ఉంటాయి. అవి వేరువేరు జాతులు కావు, అన్నీ అక్కచెల్లెళ్లే. పనిచేసే చీమలన్నీ ఆడవే అన్న సంగతి ఇంకా చాలామందికి కొత్తగానే ఉంటుంది.

మామిడి తోటల్లో ఆకులను కుట్టి బంతిలా గూడు కట్టే ఎర్రచీమ ఈకోఫిల్లా స్మారగ్డినా. కొన్ని చీమలు రెండు ఆకుల అంచులను లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, నేతగాడి నాడెలా అటూ ఇటూ ఆడిస్తాయి. పట్టుదారం వచ్చేది పెద్దచీమల నుంచి కాదు, ఆ పిల్లపురుగుల నోటి నుంచే. ఇవి కొండితో కుట్టవు, కొరికి ఆ గాయం మీద ఆమ్లం చిమ్ముతాయి. కొమ్మ కింద నిలబడి తల ఎత్తి చూసేటప్పుడు చొక్కా కాలరు మూసుకోండి.

చెట్టు బెరడు మీద, ఎండు కొమ్మల మీద సన్నగా పొడవుగా ఉండి, ఛాతీ ఎర్రగా, తలా పొట్టా నల్లగా మెరిసే చీమ కనబడితే చేయి వెనక్కి తీసుకోండి. అది టెట్రాపోనెరా రూఫోనైగ్రా. దాని కాటు మామూలు మంట కాదు. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. అలా జరిగితే ఇంటి చిట్కాలు పట్టుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తేనెటీగ కుడితే పడనివారు ఈ వ్యాపకంలో ఒంటరిగా తిరగకపోవడం మేలు.

పొట్ట హృదయాకారంలో ఉండి, కదిలిస్తే దాన్ని తేలులా వీపు మీదకు ఎత్తేవి క్రెమటోగాస్టర్ చీమలు. వీటిలో కొన్ని చెట్ల మీద నమిలిన నారతో అట్టలాంటి నల్లని గూళ్లు కడతాయి. ఆ గూటికే కన్నం చేసి గుడ్లు పెట్టే వడ్రంగిపిట్ట ఒకటి ఉంది. చీమల గూటిలో చీమలను తినే పిట్ట కాపురం!

పొలం గట్ల మీద కన్నం చుట్టూ గుండ్రంగా ఊక, పొట్టు పోగుపడి ఉంటే అది గింజలు ఏరుకునే చీమల ఇల్లు. లోపల వలిచి, పొట్టు బయట పారేస్తాయి. మెరనోప్లస్ బైకలర్ అనే చిన్న బొద్దు చీమ మహా నిదానస్తురాలు. ముట్టుకుంటే మనల్ని కుట్టడం మాట అటుంచి, తననే చీమ కుట్టినట్టయినా లేకుండా కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. వంటింట్లో తల నల్లగా, పొట్ట పారదర్శకంగా, కంటికి ఆనీ ఆననట్టు పాకేది టాపినోమా మెలనోసెఫాలమ్. వేలితో నలిపితే పాడైన కొబ్బరి వాసన వస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డయాకమ్మా. బూడిద నలుపు రంగు, ఒంటి నిండా దువ్వెనతో గీసినట్టు గీతలు. ఒంటరిగా వేటాడుతుంది. ఈ జాతికి రాణి ఉండదు. పనిచేసే చీమల్లోనే ఒకటి గుడ్లు పెడుతుంది. పుట్టే ప్రతి చీమకూ ఛాతీ మీద చిన్న మొగ్గల్లాంటివి రెండు ఉంటాయి. గుడ్లు పెట్టే చీమ తక్కినవాటి మొగ్గలను కొరికేస్తుంది, దాంతో వాటికి జతకట్టే యోగం పోతుంది. గూటి ద్వారం చుట్టూ ఈకలు, చచ్చిన చీమల ముక్కలు పేర్చి ఉంటే చలికాలం తెల్లవారుజామున వెళ్లి చూడండి. ఈకల మీద పట్టిన మంచు బొట్లను ఇవి తాగుతాయి. గూడు మారేటప్పుడు బారు కట్టవు. దారి తెలిసినది ముందు, తెలియనిది దాని వెనుక అంటుకున్నట్టు, జంటలుగా నడుస్తాయి. మధ్యలో వెనుకది తప్పిపోతే ముందుది ఆగుతుంది.

ఎక్కడ చేయి పెట్టకూడదు

జాతీయ ఉద్యానాల్లో, అభయారణ్యాల్లో చూడటం, ఫొటో తీయడం వరకే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అక్కడి ప్రాణులను అటవీశాఖ ఉన్నతాధికారుల అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. నల్లమల, పాపికొండలు, శేషాచలం అంటే అందరికీ తెలుస్తుంది కానీ, హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కేబీఆర్ పార్కు కూడా జాతీయ ఉద్యానమే అన్నది ఉదయపు నడకకు వెళ్లేవారు కూడా మరిచిపోతుంటారు. ప్రైవేటు తోట అయితే యజమానిని అడగండి. చీమల కోసం అంటే ముందు అనుమానంగా చూస్తారు, తరువాత వాళ్లే వచ్చి గూళ్లు చూపిస్తారు.

విదేశాల్లో ఎవరో రాణిచీమ కావాలని అడిగారని పార్శిలు కట్టవద్దు. మన జీవవనరులను విదేశీయులు పొందాలంటే జీవవైవిధ్య చట్టం 2002 కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. ఇది కాగితం మీది బెదిరింపు అనుకునేవారికి కెన్యా సంగతి చెప్పాలి. 2025లో అక్కడ ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు సుమారు 5,000 రాణిచీమలతో పట్టుబడ్డారు. పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అని కోర్టు తీర్పు చెప్పింది. సరదాగా పోగుచేశాం అన్న మాట అక్కడ చెల్లలేదు.

ఒక ప్రాంతపు చీమను తెచ్చి ఇంకో ప్రాంతంలో వదలడం కూడా తప్పే. ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి.

సేకరించడం

గూడు తవ్వకండి. ఇది నా గట్టి అభిప్రాయం. రాణి ఎక్కడో అడుగున ఉంటుంది, మీ పారకు అందదు, అందినా నలిగిపోతుంది. బయట తిరిగే చీమలు ఐదు నుంచి పది చాలు. చిన్న తలవీ పెద్ద తలవీ ఉంటే రెండు రకాలూ తీసుకోండి.

కుంచె కొనను స్పిరిట్‌లో ముంచి చీమను తాకితే అంటుకుంటుంది, స్పిరిట్ పోసిన సీసాలో ముంచితే విడిపోతుంది. ఇంతకన్నా మెత్తని పద్ధతి లేదు. వేగంగా పరుగెత్తే చిన్న చీమలకు పీల్చే గొట్టం వాడతారు. ఒక సీసా మూతకు రెండు రబ్బరు గొట్టాలు ఉంటాయి. ఒకటి చీమ వైపు, ఇంకొకటి నోటి వైపు. నోటి వైపు గొట్టానికి సీసా లోపలి కొసన పలుచటి గుడ్డ తప్పనిసరిగా కట్టాలి, లేకపోతే చీమ ఎక్కడికి వస్తుందో చెప్పనక్కరలేదు. గండుచీమల మీద, మామిడి చెట్టు ఎర్రచీమల మీద దీన్ని వాడవద్దు. అవి చిమ్మే ఫార్మిక్ ఆమ్లపు ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. నేను ఒకసారి వాడాను. గొంతు మంట సాయంత్రానికి గానీ తగ్గలేదు.

రాలిన ఆకుల కింద బతికే చీమలది వేరే లోకం. చెట్టు నీడన తడిగా ఉన్న ఆకుచెత్తను నాలుగు పిడికెళ్లు తీసి, జల్లెడలో వేసి తెల్ల గుడ్డ మీద జల్లించండి. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే మట్టి రేణువులు అనుకున్నవి నడవడం మొదలుపెడతాయి. చూడటం అయ్యాక చెత్తను తెచ్చిన చోటే పరచండి.

భద్రపరచడానికి 70 నుంచి 95 శాతం ఇథనాల్ వాడతారు, పైన స్పిరిట్ అన్నది దీన్నే. డీఎన్ఏ పరీక్షకు పనికిరావాలంటే 95 శాతం ఉండాలి. ఇది మంట అంటుకునే ద్రవం, పిల్లల చేతికీ పొయ్యికీ దూరంగా ఉంచండి.

ఇక చీటీ. ఈ వ్యాపకం మొత్తంలో నేను పట్టుబట్టేది దీని గురించే. చీటీ లేని సీసాలో ఉన్నది ఒక చచ్చిన చీమ మాత్రమే. దాని మీద ఊరు, మండలం, జిల్లా, వీలైతే ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వేళ, దొరికిన చోటు, పట్టినవారి పేరు ఉండాలి. ‘తోటలో’ అని రాస్తే సరిపోదు. ‘వేపచెట్టు బెరడు మీద, నేల నుంచి మీటరు ఎత్తున, పైకి వెళుతూ’ అని రాయాలి. పెన్సిలుతోనే రాసి, చీటీని సీసా లోపల వేయండి. మొదటి ఏడాది నేను బాల్‌పెన్నుతో రాశాను. స్పిరిట్ సిరాను కడిగేసింది. ఒక ఎండాకాలం మొత్తం శ్రమకు మిగిలింది లేతనీలం నీళ్లు, తెల్ల కాగితాలు.

ఎండబెట్టి దాచాలంటే చీమకు సూది గుచ్చకూడదు, అంత ఒళ్లు దానికి లేదు. గట్టి కాగితాన్ని సన్నని త్రికోణంగా కత్తిరించి, దాని మొనను కాస్త వంచి, నీటిలో కరిగే జిగురు చుక్క పెట్టి, చీమను కాళ్ల మొదళ్ల మధ్య కుడివైపున అంటించాలి. సూదిని ఆ కాగితానికి గుచ్చాలి. ముఖం, నడుము మూసుకుపోకుండా చూసుకోండి, గుర్తించడానికి కావలసినవి అవే.

చంపడం ఇష్టం లేనివారు ఫొటోలతోనే మంచి సేకరణ చేయవచ్చు. ఒక్కో చీమకు మూడు ఫొటోలు తీయాలి. పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి. కదలకుండా ఉండదని విసుగు వస్తే బెల్లం చుక్క పెట్టండి, తాగేటప్పుడు ఆగుతుంది. ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్‌లో తేదీ, చోటుతో పెడితే తెలిసినవారు పేరు చెబుతారు. చీమల కోసమే ఉన్న ఆంట్‌వెబ్ అనే వెబ్‌సైట్‌లోని ఫొటోలతో మీరే పోల్చి చూసుకోవచ్చు.

రాణిని పెంచాలనుకుంటే

తొలకరి వానల తరువాత, గాలి లేక ఉక్కగా ఉన్న సాయంత్రాలు రెక్కల చీమలు గూళ్లలోంచి బయటికి వస్తాయి. జతకట్టాక మగవి చనిపోతాయి. రాణి నేల మీద దిగి తన రెక్కలు తానే విరిచేసుకుని, గూటికి చోటు వెతుకుతూ ఒంటరిగా తిరుగుతుంది. ఛాతీ లావుగా, పొట్ట పెద్దదిగా, రెక్కలు ఊడిన గుర్తులతో ఉన్న గండుచీమ కనబడితే అది రాణి. రెక్కలు ఇంకా ఉన్నదాన్ని వదిలేయండి, జతకట్టిందో లేదో తెలియదు. ఒక్క రాణిని మాత్రమే తీసుకోండి.

పరీక్షనాళికలో మూడోవంతు నీళ్లు పోసి, దూది ఉండను నీటిని తాకేదాకా నెట్టండి. దూది తడవాలి, నీరు కారకూడదు. రాణిని లోపలికి పంపి, మూతి దగ్గర ఇంకో దూది ఉండ వదులుగా పెట్టండి. గాలికి అది చాలు. నాళికకు నల్ల కాగితం చుట్టి, కదలికలు లేని చీకటి మూలలో పడుకోబెట్టండి. గండుచీమ రాణికి ఈ దశలో తిండి అక్కరలేదు. ఇక పనిలేని రెక్కల కండరాలను, ఒంట్లోని కొవ్వును కరిగించుకుని తొలి పిల్లలను పోషిస్తుంది.

వారానికి ఒక్కసారి మాత్రమే చూడండి. నా మొదటి రాణిని గంట గంటకూ కాగితం విప్పి చూశాను. అది పెట్టిన గుడ్లను అదే తినేసింది. మొదట కనిపించే ఆవగింజ కన్నా చిన్న తెల్ల చుక్కలు గుడ్లు. తరువాత వంకర తిరిగిన పిల్లపురుగులు. ఆ తరువాత గోధుమరంగు పట్టుగూళ్లు. గూడు చెదిరినప్పుడు చీమలు మోసుకుపోయే బియ్యపు గింజల్లాంటివాటిని మనం చీమ గుడ్లు అంటాం కానీ అవి చాలావరకు ఈ గూళ్లే. వెచ్చగా ఉంటే నెల, నెలన్నరలో తొలి పనిచీమలు బయటపడతాయి. పిడికెడు తిండితో పెరిగిన పిల్లల్లా చిన్నగా ఉంటాయి. భయపడకండి, తొలి సంతానం అలాగే ఉంటుంది.

అప్పుడు అగ్గిపుల్ల కొసన తేనె నీళ్ల చుక్క, చంపిన దోమో, చిన్న పురుగు ముక్కో పెట్టండి. పురుగుమందు చల్లిన చోటు నుంచి తెచ్చిన పురుగు వద్దు. మిగిలిన తిండిని మరునాడే తీసేయండి, లేకపోతే బూజు పడుతుంది.

నీళ్లు అయిపోవచ్చినప్పుడు చీమలను దులిపి కొత్త నాళికలో వేయకూడదు. కొత్తదాన్ని సిద్ధం చేసి, రెండింటి మూతులూ ఎదురెదురుగా చేర్చి, సందు లేకుండా టేపు చుట్టండి. పాతదాని మీద నల్ల కాగితం తీసి కొత్తదానికి చుట్టండి. ఒక రాత్రిలో మారవచ్చు, వారం పట్టవచ్చు. ముందు ఒక చీమ వెళ్లి చూసి వస్తుంది. తరువాత ఒక్కొక్క పిల్లపురుగునూ నోట పట్టి చేరవేస్తాయి. రాణి మాత్రం పాత నాళికలో పట్టుగూళ్లు ఖాళీ అయ్యేదాకా కదలకపోవచ్చు. అంతదాకా టేపు విప్పకండి.